బేస్ పట్టిన బిడ్డలకు డీఐ పెట్టె సంగతి

సోలాపూర్ తూర్పు పేటల్లో సాంచెల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగి బేస్ గిటార్ పట్టుకున్న పిల్లలు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. సాఖర్‌పేట నుంచి అక్కల్‌కోట రోడ్డు దాకా ఏ గణపతి మండపం దగ్గర నిలబడ్డా, ఏ పెళ్ళి ఆర్కెస్ట్రా దగ్గర నిలబడ్డా, ఒకరో ఇద్దరో దగ్గరికొచ్చి ఒకటే అడుగుతారు: "కాకా, ప్రోగ్రామ్‌కు డీఐ బాక్స్ కొనాల్నా? లేకున్నా నడుస్తదా?"

జవాబు ముందే చెప్పేస్తాను. నీ బేస్ మిక్సర్ దాకా పోవాల్సి ఉంటే డీఐ, అంటే గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చి పంపే పెట్టె, కావాలి. ఆ పని నీ ఆంప్‌లోనో, పెడల్‌లోనో, మిక్సర్‌లోనో అప్పటికే జరుగుతుంటే వేరే పెట్టె అవసరం లేదు. అయినా సంచిలో ఒకటి పెట్టుకోమనే అంటాను. ఎందుకంటానో వేదికల మీద నేర్చుకున్న వరుసలోనే రాస్తున్నాను.

1. ముందు శబ్దం ఎక్కడికి పోతున్నదో చూసుకో

ఇంటి ముందు పందిరి, యాభై మంది చుట్టాలు, ఒక డోలక్, ఒక కీబోర్డ్, నీ బేస్. అక్కడ నీ ఆంపే నీ ప్రపంచం. గిటార్ నుంచి ఆంప్‌కు ఒక జాక్ కేబుల్ చాలు, డీఐ ఊసే అక్కర్లేదు. ఇలాంటి చోట డీఐ కొని తెచ్చి ఏ తీగ ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థపడే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది.

మంగళ కార్యాలయంలో పెళ్ళి అంటే లెక్క మారుతుంది. అక్కడ పెద్ద స్పీకర్లుంటాయి, అన్ని వాయిద్యాలూ మిక్సర్‌లోకి పోతాయి. బడి గ్యాదరింగ్ అయినా, హుతాత్మ స్మృతి మందిరం లాంటి పెద్ద హాలైనా, నవరాత్రి మండపమైనా అంతే. సౌండ్ చూసేవాడు జనం వెనకాల కూర్చుంటే వేదిక నుంచి అతని దగ్గరికి ఇరవై, ముప్పై మీటర్ల తీగ. నీ ఆంప్ ఎంత గట్టిగా మోగినా ముందు నాలుగు వరసలకే వినిపిస్తుంది. వెనక నిలబడ్డ అమ్మలక్కలకు నీ బేస్ చేరాలంటే అది మిక్సర్ గుండానే పోవాలి. డీఐ ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

2. ఆ పెట్టె చేసే పని రెండే

ఇది అర్థమైతే మిగిలినవన్నీ నీ అంతట నువ్వే తేల్చుకోగలవు. కాబట్టి కాస్త ఓపిక పట్టి చదువు.

మొదటి పని. బ్యాటరీ లేని మామూలు బేస్‌లో పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నటి రాగి తీగ, వేల చుట్లు. దాని అడ్డు సుమారు 10 వేల ఓమ్‌లు అనుకో. మిక్సర్‌లో మైక్ పెట్టే ద్వారం ఉంటుందే, దాని ఓమ్‌లు మహా అయితే రెండు వేల చిల్లర. పది వేల అడ్డున్నదాన్ని రెండు వేలున్న ద్వారానికి తగిలిస్తే నీ సిగ్నల్‌లో ఆరో వంతే మిగులుతుంది. లైన్ ద్వారం 10 వేల ఓమ్‌లదైతే సగం. డీఐ ద్వారం 10 లక్షల ఓమ్‌ల దాకా ఉంటుంది కాబట్టి నూటికి తొంభై తొమ్మిది వంతులు లోపలికి పోతుంది. బలం తగ్గితే మిక్సర్‌లో పెంచుకోవచ్చు కదా అంటావు. పెంచుకోవచ్చు. కానీ పికప్ చుట్ట స్వభావం ఏమిటంటే స్వరం పైకి పోయేకొద్దీ దాని అడ్డు పెరుగుతుంది. అందుకని ముందు పోయేది పై భాగం: తీగ మీద వేలు పడ్డ స్పష్టత, స్వరం మొదలైన క్షణం. ఒకసారి పోయిన ఆ స్పష్టతను ఏ నాబ్ తిప్పినా తిరిగి తేలేవు. బేస్ మూటలో కట్టినట్టు మోగుతుంది.

రెండో పని. గిటార్ జాక్ కేబుల్‌లో ఒక్క తీగే సిగ్నల్‌ది, చుట్టూ ఉన్న జాలి ఎర్త్‌ది. దారిలో తగిలిన ప్రతి రొదా నేరుగా పాటలో కలుస్తుంది. డీఐ నుంచి బయటికొచ్చే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో మూడు పిన్నులుంటాయి. ఒకటో పిన్ను జాలిది. రెండులోనూ మూడులోనూ నీ సిగ్నలే ఉంటుంది, కానీ ఒకదానిలో సూటిగా, ఇంకోదానిలో తిరగేసి. బయటి రొద ఆ రెండింటి మీదా ఒకేలా పడుతుంది. మిక్సర్ ఆ రెండింటి తేడా మాత్రమే తీసుకుంటుంది కాబట్టి రొద కొట్టుకుపోయి సిగ్నల్ మిగులుతుంది. ఇందుకే ముప్పై మీటర్లైనా అది శుభ్రంగా పోతుంది.

3. జాక్ కేబుల్‌ను పొడుగు చేసుకోకు

గిటార్ నుంచి డీఐ దాకా ఐదారు మీటర్లు చాలు. మామూలు కేబుల్‌లో మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటీ ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ అది కూడా పైస్వరాల్ని తినేస్తుంది. డీఐని నీ కాళ్ళ దగ్గరే పెట్టుకుని, అక్కడి నుంచి పొడుగు దారి ఎక్స్‌ఎల్‌ఆర్‌తో నడిపించు. పెట్టెను తీసుకుపోయి మిక్సర్ పక్కన పెట్టేవాళ్ళున్నారు. అలా పెడితే కొన్న ఫలితం సగం పోయినట్టే.

4. యాక్టివ్ బేస్‌కు పాసివ్ డీఐ, పాసివ్ బేస్‌కు యాక్టివ్ డీఐ

ఇదొక మోటు లెక్క. పది చోట్లలో తొమ్మిది చోట్ల పనికొస్తుంది. పాసివ్ డీఐలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ తప్ప ఏమీ ఉండదు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, కింద పడ్డా పెద్దగా ఏమీ కాదు. అయితే దాని ద్వారం లక్ష ఓమ్‌ల చుట్టుపక్కలే ఉంటుంది, చౌకవాటిలో ఇంకా తక్కువ. లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్‌కు అది ఎక్కువే. బ్యాటరీ లేని పాత రకం బేస్‌కు మాత్రం యాక్టివ్ డీఐ మంచిది. దానికి కరెంటు మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ ద్వారా వస్తుంది, లేకపోతే తన బ్యాటరీ నుంచి. మన పేటల్లో అద్దెకు తిరిగే చిన్న మిక్సర్లు కొన్నింటిలో ఫాంటమ్ ఉండదు. కాబట్టి యాక్టివ్ డీఐ కొంటే బ్యాటరీతో కూడా నడిచేదే కొను, సంచిలో ఒక కొత్త బ్యాటరీ వేసుకో. నీ బేస్ యాక్టివ్‌దైతే విరామంలో జాక్ తీసిపెట్టు. జాక్ లోపల ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

ఏ కంపెనీది కొనాలని అడుగుతారు. కౌంట్రీమన్ టైప్ 85 లాంటివి ప్రపంచమంతా వేదికల మీద నిలబడ్డ పెట్టెలు. వాటికి పెట్టే డబ్బు లేకపోతే బెహ్రింగర్ డీఐ100 లాంటిదీ పని చేస్తుంది. ఒక సెట్ బేస్ తీగలకయ్యే ఖర్చుకు అటూఇటూగా మామూలు పాసివ్ పెట్టె దొరుకుతుంది. చద్దర్లు నేసే ఇంట్లో డబ్బు విలువ నీకు నేను చెప్పనక్కర్లేదు. ముందు మామూలుది కొని వాయించు, ఖరీదైనది తర్వాత చూద్దువు.

5. అక్కర్లేని చోట్లు

బేస్ ఆంప్ వెనక "డీఐ అవుట్" అని రాసిన ఎక్స్‌ఎల్‌ఆర్ ద్వారం ఉందేమో చూడు. ఉంటే అదే నీ డీఐ. దాని పక్కన "ప్రీ", "పోస్ట్" అని ఒక స్విచ్ ఉంటుంది. ప్రీలో పెడితే నీ ఆంప్ నాబ్‌లతో సంబంధం లేకుండా బేస్ సిగ్నల్ మిక్సర్‌కు పోతుంది. పోస్ట్‌లో పెడితే నీ నాబ్‌లు తిప్పినప్పుడల్లా హాలంతా మారుతుంది. వేదిక మీద నీకు బేస్ తక్కువై "లో" నాబ్ పెంచితే బయట జనం చెవులు గుయ్యిమంటాయి. నేను ప్రీలోనే పెట్టమంటాను, నీ ఆంప్ రంగే నీ స్వరం అనుకుంటే తప్ప.

సాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్ లాంటి పెడల్ ఉన్నా విడిగా పెట్టె వద్దు, దానిలోనే డీఐ ఉంది. మిక్సర్ మీద "హై-జెడ్" లేదా "ఇన్‌స్ట్రుమెంట్" అని రాసిన ద్వారం ఉండి, అది నీకు నాలుగడుగుల దూరంలో ఉంటే నేరుగా గుచ్చుకో, ఇబ్బంది లేదు.

విడి పెట్టెకున్న సౌకర్యం ఏమిటంటే దానికి "లింక్" లేదా "త్రూ" అనే ఇంకో జాక్ ఉంటుంది. అందులోంచి నీ సిగ్నల్ వేదిక మీది ఆంప్‌కు, ఎక్స్‌ఎల్‌ఆర్‌లోంచి మిక్సర్‌కు పోతుంది. నీకు నీ ఆంప్, జనానికి స్పీకర్లు. ఆట మధ్యలో ఆంప్ చచ్చిపోయినా జనం ముందు బేస్ ఆగదు. ఈ ఒక్క కారణంతోనే నా సంచిలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

6. గుయ్ శబ్దం వస్తే తొందరపడి పెట్టెను తిట్టకు

మన కరెంటు 50 హెర్ట్‌జ్‌లది. నీ లావు "ఈ" (E) తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జీ స్వరం 49 హెర్ట్‌జ్‌లు. ఖాళీ జీ తీగ 98, కరెంటు రొద రెట్టింపు 100. చూశావా ఎంత దగ్గరో? జీ మీద నడిచే పాటలో కరెంటు హమ్ ఉంటే నీ స్వరమూ ఆ రొదా ఒకదానితో ఒకటి రాసుకుని సెకనుకు ఒకసారో రెండుసార్లో ఊగుతాయి. జనానికి కారణం తెలియదు, బేస్ వాడికి శృతి లేదంటారు. గాయకుడి గొంతులో పడితే వినపడని హమ్ నీ స్వరంలో తప్పకుండా వినపడుతుంది. బేస్ వాడు మిగతా అందరికన్నా ఈ విషయం మీద శ్రద్ధ పెట్టాల్సింది అందుకే.

వెతికే పద్ధతి ఇది. ముందు గిటార్ వాల్యూమ్ సున్నా చెయ్యి. రొద పోయిందా, అది పికప్ లాక్కుంటున్నదే. ఒంటి చుట్ట పికప్ ట్యూబులైటు చోక్ నుంచి, లైట్ల డిమ్మర్ నుంచి, దగ్గరలో తిరిగే మోటార్ నుంచి రొదను పట్టుకుంటుంది. దానికి డీఐ మందు కాదు. నిలబడ్డ చోటు మార్చు, కొద్దిగా పక్కకు తిరుగు. రెండు పికప్‌ల జాజ్ బేస్ అయితే రెండు వాల్యూమ్‌లూ సమానంగా పూర్తిగా తెరువు, ఒకదాని రొదను ఇంకొకటి కొట్టేస్తుంది.

వాల్యూమ్ సున్నా చేసినా గుయ్ పోకపోతే దోషం తీగలదో ఎర్త్‌దో. నీ ఆంప్ వేదిక దగ్గరి బోర్డులో, మిక్సర్ దూరంగా వేరే ఇంటి నుంచి లాగిన బోర్డులో ఉంటే రెండు ఎర్త్‌లూ నీ కేబుల్ జాలి గుండా కలిసి ఒక చుట్టు తయారవుతుంది. ఆ చుట్టులో పారే కరెంటే హమ్. డీఐ మీద "గ్రౌండ్ లిఫ్ట్" అనే చిన్న స్విచ్ ఉంటుంది. అది ఎక్స్‌ఎల్‌ఆర్ ఒకటో పిన్ను దారిని తెంపుతుంది, చాలాసార్లు ఆ క్షణమే నిశ్శబ్దం. ఇంకా మంచిది, సౌండ్ సామానంతటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇప్పించుకో. లైట్లకు వేరే.

7. ఎర్త్ పిన్ను విరిచేవాడి పక్కన నిలబడకు

ఈ ముక్క కోసమే ఇదంతా రాయాలనిపించింది. హమ్ వస్తున్నదని ఆంప్ మూడు పిన్నుల ప్లగ్‌లో లావు పిన్ను విరిచేసేవాళ్ళున్నారు, ఎర్త్ తీగ కత్తిరించేవాళ్ళున్నారు, రెండు పిన్నుల మార్పిడి ప్లగ్ పెట్టేవాళ్ళున్నారు. హమ్ ఆగుతుంది, నిజమే. కానీ ఆ ఆంప్ లోపల ఏదైనా 230 వోల్టుల తీగ ఊడి డబ్బాకు తగిలితే ఆ కరెంటు పోవడానికి దారి ఉండదు. అది నీ గిటార్ తీగల మీదికి వస్తుంది. ఒక చేత్తో తీగలు పట్టుకుని పెదవులు మైక్‌కు ఆనించావంటే దారి నీ ఒళ్ళే.

గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్‌కూ ఎర్త్ పిన్ను విరవడానికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా. స్విచ్ సిగ్నల్ తీగ జాలిని మాత్రమే విడదీస్తుంది, నీ ప్రాణం కాపాడే కరెంటు ఎర్త్‌ను ముట్టుకోదు. ఆ స్విచ్ ఉండబట్టే డీఐ కొనమని తల్లిదండ్రులకు కూడా చెప్తాను. కొడుకు అడిగింది ఆటవస్తువు కాదమ్మా, ఇప్పించమని.

మన ఊళ్ళో ఇది ఊరికే చెప్పే మాట కాదు. జంధ్యాల పౌర్ణమికి మార్కండేయ మహర్షి రథోత్సవం వస్తుంది, అది శ్రావణం, ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. గణపతి ఊరేగింపులూ వానల్లోనే. జెనరేటర్ బండి మీద, తడి చెక్కల మీద, ఎర్త్ అన్నదే సరిగా లేకుండా వాయించే చోట ముందు టెస్టర్‌తో మైక్ జాలినీ ఆంప్ డబ్బానూ చూసుకో. వెలిగితే వాయించకు. ఎంత పెద్ద మనిషి పిలిచినా సరే, ముందు లైన్ సరిచేయించు. మన పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి మగ్గాలు నమ్ముకుని ఇక్కడికి వచ్చారు, 1877లో మొదలైన పాత మిల్లులోనూ ఆ తర్వాతి మిల్లుల్లోనూ చేతులు అరగదీసుకున్నారు. వాళ్ళ మనవలు ఒక ప్లగ్ వల్ల పోకూడదు.

8. మన జనం చెవుల గురించి ఆలోచించు

ఇది ఏ పుస్తకంలోనూ నీకు దొరకదు, ఈ పేటల్లో బతికితే తెలుస్తుంది. మామూలు సాంచెలో నాడె నిమిషానికి 120 నుంచి 150 సార్లు అటూఇటూ కొట్టుకుంటుంది. షెడ్డు నిండా సాంచెలుంటే పక్కవాడి చెవిలో అరిస్తే తప్ప మాట వినపడదు. ఏళ్ళ తరబడి అందులో నిలబడ్డ మనిషికి వినికిడి ముందు తగ్గేది 4,000 హెర్ట్‌జ్‌ల చుట్టుపక్కల. మన ముందు కుర్చీల్లో కూర్చునే నాన్నలు, మేనమామలు, బాబాయిలు చాలామంది అలాంటి చెవులతోనే పాటకు వస్తారు.

వాళ్ళకు తీగ మీది టకటక వినిపించదు. స్పష్టత కోసం 4,000 దగ్గర పెంచితే వాళ్ళకు ఏమీ చేరదు, పిల్లల చెవులు మాత్రం పగులుతాయి. బేస్ ఏ స్వరం వాయిస్తున్నదో చెప్పేది 700 నుంచి 1,000 హెర్ట్‌జ్‌ల మధ్య ప్రాంతం. సౌండ్ చూసేవాణ్ణి అడిగి అక్కడ కాస్త పెంచించుకో, 200 దగ్గర కాస్త తగ్గించుకో. నీ "ఈ" (E) తీగ 41 హెర్ట్‌జ్‌లది. అద్దె స్పీకర్లలో చాలావాటికి అంత కింది స్వరం సరిగా రాదు. జనం వినేది దాని రెట్టింపు 82, మూడింతలు 123, ఆ పైవి. మనిషి మెదడు వాటిని బట్టి కింది స్వరాన్ని తానే పూరించుకుంటుంది. అంటే నీ మధ్య స్వరాలు దెబ్బతినకుండా మిక్సర్ దాకా పోతేనే కింది స్వరం ఉన్నట్టు అనిపిస్తుంది. డీఐ లేకుండా నేరుగా గుచ్చినప్పుడు బక్కచిక్కిపోయేది ఆ భాగమూ దాని పై భాగమే.

ఇళయరాజా పాట ఏదైనా తీసుకో, 1989 నాటి గీతాంజలి పాటలే తీసుకో. బేస్ అక్కడ గాయకుడికి జవాబు చెప్తూ నడుస్తుంది. ఆ జవాబు వినపడకపోతే సగం పాట వాయించినట్టు. జింగాట్ అడుగుతారు, అదీ మన జిల్లా కరమాళా గడ్డ మీద తీసిన సైరాట్ సినిమాది, 2016లో వచ్చినప్పటి నుంచి అది లేకుండా ఏ ప్రోగ్రామూ ముగియదు. ఆ వేగంలో బేస్ మూటకట్టినట్టు మోగితే కాళ్ళు కదలవు. బతుకమ్మ రోజుల్లో బీడీలు చుట్టి అలసిన చేతులతోనే ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, కింద బేస్ నెమ్మదిగా ఒక్కొక్క అడుగూ స్పష్టంగా పడాలి. వాళ్ళకు అంత మాత్రం చేయడం మన బాధ్యత.

9. ఈ పెట్టె పుట్టింది కూడా కార్మికుల ఊళ్ళోనే అనుకోవచ్చు

అమెరికాలో డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల ఊరు. అక్కడ బెర్రీ గోర్డీ ఒకప్పుడు కార్ల తయారీ వరసలో పని చేసినవాడే, 1959లో మోటౌన్ సంగీత సంస్థ పెట్టాడు. 1960లలో వాళ్ళ ఇంజనీర్లు వాయిద్యాల్ని ఆంప్‌తో పని లేకుండా నేరుగా మిక్సింగ్ బల్లలోకి పంపే పెట్టె తామే చేసుకున్నారు. జేమ్స్ జేమర్సన్ తన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను అలా నేరుగా పంపి వాయించిన పాటలు ఇప్పటికీ ప్రపంచమంతా బేస్ నేర్చుకునేవాళ్ళకు పాఠాలు. అప్పట్లో మోటౌన్ ఒక్కటే కాదు, ఇతర స్టూడియోల్లోనూ ఇలాంటివి తయారయ్యాయి. జేమర్సన్ వాయింపు ఒకసారి హెడ్‌ఫోన్‌లో విను. ఆంప్ లేదు, మైక్ లేదు, అయినా ప్రతి వేలూ వినిపిస్తుంది.

10. వేదిక ఎక్కేటప్పుడు

సౌండ్ చూసేవాడితో మర్యాదగా మాట్లాడు. అన్నా, నాది పాసివ్ బేస్, యాక్టివ్ డీఐ ఉంది, ఫాంటమ్ ఉందా అని ఒక్క ముక్కలో చెప్తే అతనికి నీ మీద నమ్మకం కుదురుతుంది. జాక్ పెట్టే ముందు, తీసే ముందు ఛానల్ మ్యూట్ చేయించు. ఆ ధడేల్ శబ్దానికి స్పీకర్లు దెబ్బతినొచ్చు, ఆ నష్టం మోసేది అతనే. సిగ్నల్ మరీ ఎక్కువై పగిలితే డీఐ మీది ప్యాడ్ స్విచ్ నొక్కు, చాలావాటిలో 20 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. మామూలు బేస్‌కు అది అవసరం రాదు.

రాత్రి 10కి లౌడ్‌స్పీకర్ ఆపాలన్నది చట్టం, మినహాయింపు ఇచ్చిన పండుగ రోజులు తప్ప. అందుకని సౌండ్ చెక్‌కు ఎప్పుడూ సమయం తక్కువే దొరుకుతుంది. నీ తీగలు నువ్వే తెచ్చుకుంటే ఆ సమయం వాయించడానికి మిగులుతుంది. సంచిలో డీఐ, ఐదు మీటర్ల జాక్ కేబుల్ ఒకటి, డీఐ నుంచి ఆంప్‌కు చిన్నది ఒకటి, పది మీటర్ల ఎక్స్‌ఎల్‌ఆర్ ఒకటి, బ్యాటరీ, టెస్టర్. పెట్టె మీద రంగు టేపు అంటించి పెద్ద అక్షరాలతో నీ పేరు రాయి. అర్ధరాత్రి సామాను సర్దేటప్పుడు నల్ల పెట్టెలన్నీ ఒకేలా ఉంటాయి, సౌండ్ వాళ్ళవి నాలుగు నీ పక్కనే ఉంటాయి.